పొగ కనబడని పెద్ద బండి
డీజిల్ ఎస్.యు.వి. యజమానుల సందేహాలకు మా సమాధానం



సంక్రాంతి సెలవులు అయిన వారంలో భావనపాడు నుండి ఒక పెద్దాయన మా ఓ.పి.కి వచ్చారు. నలభై ఏళ్లు సముద్రంలో వేటకు వెళ్లిన మనిషి. ఊపిరితిత్తుల జబ్బుకు చాలాకాలంగా మా దగ్గరే మందులు వాడుతున్నారు. ఈసారి దగ్గు, పిల్లికూతలు ఎక్కువై వచ్చారు. విశాఖపట్నంలో స్థిరపడిన కుమారుడు తన పెద్ద డీజిల్ ఎస్.యు.వి.లో ఆయనను తీసుకువచ్చాడు. తండ్రిని పరీక్షించడం అయిపోయాక ఆ కుమారుడు లేవకుండా కూర్చుని, కొంచెం సంకోచిస్తూ ఇలా అడిగాడు.

"డాక్టరు గారూ, మా బండి చాలా ఖరీదైనదండి. 2014 మోడల్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. సైలెన్సర్ నుంచి పొగే కనబడదు. పొల్యూషన్ సర్టిఫికెట్ కూడా ఉంది. అయినా వాకిట్లో ఇంజన్ ఆన్ చేసి ఉంచితే చాలు, నాన్నకు దగ్గు మొదలవుతోంది. ఇది ఆయన అనుమానమా, నిజంగా బండి వల్లేనా?"

ఆయన ఏదో చెప్పబోతే పెద్దాయన అడ్డుకున్నారు. "బోటింజను పొగయితే కంటికి అవుపడతాది బాబూ. గాలివాటం సూసి పక్కకి తప్పుకుంటాం. దీనికేటి, అవుపడకుండానే గొంతు పట్టీస్తాది."

పెద్దాయన చెప్పిందే సరి. ఇదే ప్రశ్నను పెద్ద బండ్లు ఉన్న మరికొన్ని కుటుంబాలవారు కూడా మమ్మల్ని అడిగారు. అందుచేత ఈ సంచికలో కొంచెం వివరంగా రాస్తున్నాము.

డీజిల్ పొగలో ఏముంటుంది?

పెట్రోలు ఇంజన్‌లో ప్లగ్ నిప్పురవ్వతో ఇంధనం అంటుకుంటుంది. డీజిల్ ఇంజన్‌లో ప్లగ్ నిప్పు ఉండదు. గాలిని బాగా అదిమిపెట్టినప్పుడు పుట్టే వేడికే డీజిల్ మండుతుంది. ఈ పద్ధతిలో ఇంధనం ఆదా అవుతుంది, లాగే శక్తి కూడా ఎక్కువ. లారీలకు, బోట్లకు, బరువైన ఎస్.యు.వి.లకు డీజిల్‌నే వాడడానికి కారణం అదే. కానీ ఇందులో రెండు చిక్కులు ఉన్నాయి.

మొదటిది మసి. డీజిల్ బిందువులు పూర్తిగా కాలకపోతే మసి కణాలుగా మారతాయి. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. డీజిల్ మసి కణాలలో ఎక్కువ భాగం ఒక మైక్రాన్ కన్నా చిన్నవి. ముక్కులోని వెంట్రుకలు, గొంతులోని తడి వీటిని ఆపలేవు. ఊపిరితిత్తుల చివరనున్న గాలి తిత్తుల వరకు పోతాయి. వాటిలో అతి చిన్నవి రక్తంలోకి కూడా చేరగలవు. అందువలన గుండెజబ్బు ఉన్నవారికి కూడా ఈ పొగ మంచిది కాదు.

రెండవది నైట్రోజన్ ఆక్సైడ్లు. మనం పీల్చే గాలిలో మూడొంతులకు పైగా నైట్రోజనే. అది మామూలుగా ఏ హానీ చేయదు. ఇంజన్ లోపలి విపరీతమైన వేడికి అది ఆక్సిజన్‌తో కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లుగా మారుతుంది. సైలెన్సర్ నుండి వచ్చే మోతాదులో ఈ వాయువు కంటికి కనబడదు. కానీ శ్వాసనాళాల లోపలి పొరను రేపుతుంది, వాపు తెస్తుంది. ఆస్తమా ఉన్న పిల్లలకు, పాత ఊపిరితిత్తుల జబ్బు ఉన్న పెద్దలకు ఆయాసం రావడానికి ఆ కొంచెమే చాలు. పెద్దాయన గొంతు పట్టడానికి కారణం చాలావరకు ఇదే అయి ఉంటుందని మా అభిప్రాయం.

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2012 జూన్‌లో డీజిల్ పొగను మనుషులకు క్యాన్సర్ కలిగించే వాటిలో మొదటి వర్గంలో చేర్చింది. పొగాకు కూడా ఆ వర్గంలోనే ఉంది. అంటే రెండింటి ప్రమాదం సమానమని అర్థం కాదు. క్యాన్సర్ కలిగిస్తుందనడానికి రుజువు అంత గట్టిగా ఉందని మాత్రమే అర్థం. ఏళ్ల తరబడి, రోజూ ఎక్కువగా పీల్చేవారి విషయంలోనే ఆ భయం. నాలుగు రోజులు పండుగకు వచ్చిన కారు వల్ల ఎవరికీ క్యాన్సర్ రాదు, దయచేసి బెంగపడవద్దు.

ఖరీదు ఎక్కువైతే పొగ తక్కువా?

ఇక్కడ ఒక చిక్కు చెప్పాలి. ఇంజన్‌లో వేడి పెంచితే మసి తగ్గుతుంది, కానీ నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి. వేడి తగ్గిస్తే అవి తగ్గి మసి పెరుగుతుంది. రెండూ తగ్గాలంటే ఇంజన్ తరువాత ఖరీదైన పరికరాలు అమర్చాలి. అక్కడే కొందరికి అడ్డదారి తొక్కాలనిపించింది.

అమెరికాలోని వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయంలో డాన్ కార్డర్ నాయకత్వాన ఒక చిన్న బృందం డీజిల్ కార్ల వెనుక కొలిచే యంత్రాలను కట్టి, రోడ్డు మీద నడిపి చూసింది. ఆ బృందంలో అరవింద్ తిరువెంగడం అనే భారతీయ ఇంజనీరు కూడా ఉన్నారు. పరీక్షశాలలో శుభ్రంగా ఉన్న కార్లు రోడ్డెక్కగానే ఎన్నో రెట్లు ఎక్కువ వాయువు వదులుతున్నట్లు తేలింది. ఆ తీగ లాగితే డొంకంతా కదిలింది. 2015 సెప్టెంబర్ 18న అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఫోక్స్‌వాగన్ కంపెనీకి నోటీసు ఇచ్చింది. కారులోని కంప్యూటర్ తనకు పరీక్ష జరుగుతోందని గుర్తుపట్టి, అంతవరకు మాత్రం పొగను అదుపులో పెడుతోంది. మామూలుగా రోడ్డు మీద నడిచేటప్పుడు నైట్రోజన్ ఆక్సైడ్లు పరిమితికి 40 రెట్ల వరకు వస్తున్నాయి.

అవి చిన్న కార్లు కదా అనుకోవచ్చు. అదే సంవత్సరం నవంబర్ 2న రెండవ నోటీసు వచ్చింది. ఈసారి 3 లీటర్ల ఇంజన్ ఉన్న టువారెగ్, ఆడి క్యూ5, పోర్షె కయెన్ వంటి విలాసవంతమైన ఎస్.యు.వి.లు కూడా అందులో ఉన్నాయి. పరీక్ష తొలి దశలు పూర్తయిన ఒక్క సెకను తరువాత కంప్యూటర్ మామూలు పద్ధతికి మారిపోతోందని, అప్పుడు పరిమితికి 9 రెట్ల వరకు వాయువు వెలువడుతోందని ఆ నోటీసులో ఉంది.

మన దేశంలో కూడా 2015 డిసెంబర్‌లో ఆ కంపెనీ 3,23,700 డీజిల్ వాహనాలను సరిచేయడానికి వెనక్కు పిలుస్తున్నట్లు ప్రకటించింది. వాటిలో ఆడి కార్లు సుమారు 36,500. ఆ కాలపు బండిని ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో కొన్నవారు, ఆ సవరణ జరిగిందో లేదో ఛాసిస్ నంబరు చెప్పి కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అడిగి తెలుసుకోవచ్చు.

అదే నెలలో, అంటే 2015 డిసెంబర్ 16న, ఢిల్లీ ప్రాంతంలో 2000 సీసీకి మించిన డీజిల్ కార్లు, ఎస్.యు.వి.ల కొత్త రిజిస్ట్రేషన్లను సుప్రీంకోర్టు నిలిపివేసింది. ఒక కంపెనీ వెంటనే 1.99 లీటర్ల ఇంజన్ తయారుచేసి అమ్మకానికి పెట్టింది! నిషేధం 2016 ఆగస్టులో తొలగింది, బదులుగా బండి ధరపై ఒక శాతం పర్యావరణ సుంకం విధించారు. సీసీ తగ్గించినంత మాత్రాన ఊపిరితిత్తులకు ఎంత మేలు జరిగిందో మీరే ఊహించుకోండి.

పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది కదా?

డీజిల్ బండికి ఆ పరీక్షలో పొగ ఎంత దట్టంగా ఉందో మాత్రమే చూస్తారు. యాక్సిలరేటర్ తొక్కించి, పొగ గుండా వెలుతురు ఎంతవరకు పోతోందో యంత్రం కొలుస్తుంది. నైట్రోజన్ ఆక్సైడ్లను అక్కడ కొలవరు. కాబట్టి ఆ కాగితం అబద్ధం కాదు, కానీ మీరు అడిగే ప్రశ్నకు అది జవాబు కూడా కాదు.

బండి ఖరీదు కన్నా అది ఏ సంవత్సరానిదో చూడడం మంచిది. 2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతటా బి.ఎస్.6 ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. డీజిల్ కారు కిలోమీటరుకు వదలదగిన నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి 250 మిల్లీగ్రాముల నుండి 80కి తగ్గింది. మసి పరిమితి 25 నుండి 4.5కి తగ్గింది. బరువైన బండ్లకు అంకెలు కొంత వేరు. డీజిల్‌లోని గంధకం కూడా పది లక్షల పాళ్లలో 50 నుండి 10కి తగ్గింది. 2023 ఏప్రిల్ నుండి కొత్త మోడళ్లు రోడ్డు మీద నడిపి చేసే పరీక్షలో కూడా నెగ్గాలి. అందువలన పది లక్షల కొత్త బండి, 2014 నాటి అరవై లక్షల బండి కన్నా శుభ్రంగా ఉండవచ్చు. ఈ మాట విని మన కుర్రవాడి ముఖం చిన్నబోయింది, కానీ దాచి ప్రయోజనం లేదు.

కొత్త బండి ఉన్నవారికి

బి.ఎస్.6 బండ్లలో మసిని పట్టే ఫిల్టర్ ఒకటి ఉంటుంది, దీనిని డి.పి.ఎఫ్. అంటారు. నిండిన మసిని అది తానే సుమారు 600 డిగ్రీల వేడిలో కాల్చుకుంటుంది. అందుకు బండి కొంతసేపు ఆగకుండా మంచి వేగంతో నడవాలి. రోజూ బజారుకు, బడికి మాత్రమే తిప్పితే ఫిల్టర్ మూసుకుపోయి డాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది. అలా వెలిగితే భయపడకుండా, బండితో ఇచ్చిన పుస్తకంలో చెప్పినట్లు హైవే మీద నడపండి. మన ప్రాంతంవారికి శ్రీకాకుళం, టెక్కలి మధ్య 16వ నంబరు జాతీయ రహదారి ఉండనే ఉంది. అప్పటికీ లైటు ఆరకపోతే సర్వీస్‌కు ఇవ్వండి.

కొందరు మెకానిక్‌లు "ఫిల్టర్ తీసేస్తే తలనొప్పి ఉండదు, పికప్ కూడా పెరుగుతుంది" అంటారు. దయచేసి వినవద్దు. అది చట్టవిరుద్ధం. పైగా ఆ ఫిల్టర్ ఆపుతున్న మసి అంతా ఇక బండి వెనుక నిలబడినవారికే.

పెద్ద డీజిల్ బండ్లలో చాలావాటికి డి.ఇ.ఎఫ్. అనే ద్రవం కూడా పోయాలి. శుద్ధమైన నీటిలో 32.5 శాతం యూరియా కలిపిన ద్రవం అది. నైట్రోజన్ ఆక్సైడ్లను మామూలు నైట్రోజన్‌గా, నీటిగా మారుస్తుంది. యూరియా అనగానే పొలానికి తెచ్చిన బస్తాలోది నీళ్లలో కలిపి పోయవచ్చు కదా అని ఒకరు మమ్మల్ని అడిగారు. పోయకూడదు. ఎరువులోని మలినాలు ఆ పరికరాన్ని పాడుచేస్తాయి, రిపేరు ఖర్చు బస్తాలతో పోయేది కాదు.

అసలు ఎంత భయపడాలి?

ఉన్నమాట చెప్పాలి. భావనపాడు వంటి తీరగ్రామంలో సముద్రపు గాలి ఆరుబయటి పొగను త్వరగా చెదరగొడుతుంది. మా దగ్గరకు ఆయాసంతో వచ్చే తల్లుల విషయంలో కారు పొగ కన్నా వంటింటి కట్టెపొయ్యి పొగ, చుట్ట పొగ ఎక్కువ దోషులు. అందులోనూ మన తీరంలో పెద్ద వయసు స్త్రీలు నిప్పు నోటిలోపల పెట్టి కాల్చే అడ్డపొగ అన్నిటికన్నా చెడ్డది. పెద్దాయన కూడా చుట్ట ఇంకా పూర్తిగా మానలేదని ఆ రోజు ఒప్పుకున్నారు. కొడుకు బండి మీద మాత్రమే నేరం మోపడం న్యాయం కాదని ఆయనకు కూడా చెప్పాము.

అయితే గాలి ఆడనిచోట లెక్క మారుతుంది. మూడువైపులా గోడలున్న వాకిలి, కిటికీ కింద పార్కింగ్, షట్టర్ వేసిన షెడ్డు, ఇలాంటిచోట్ల నిలబెట్టిన బండి ఇంజన్ పది నిమిషాలు నడిచినా పొగ ఇంట్లోకే వస్తుంది. చిన్నపిల్లల ముఖం పెద్దల ముఖం కన్నా సైలెన్సర్ ఎత్తుకు దగ్గరగా ఉంటుందన్నది మరువవద్దు. ఏసీ కోసం ఇంజన్ ఆన్‌లో ఉంచి లోపల నిద్రపోవడం మరీ ప్రమాదం.

రోడ్డు మీద లారీ వెనుక పోతున్నప్పుడు ఏసీని బయటి గాలి లోపలికి రాని బటన్‌లో పెట్టుకోండి. ఏసీ ఫిల్టర్‌ను ప్రతి సర్వీస్‌లో చూపించండి. ఆస్తమా ఉన్నవారి ఇన్‌హేలర్ డిక్కీలోని సంచిలో కాకుండా చేతికి అందేచోట ఉండాలి. మాట పూర్తిచేయలేనంత ఆయాసం వచ్చినా, పెదవులు నీలంగా మారినా ఇంట్లో ఆలస్యం చేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

పెద్దాయన కుమారుడు మళ్లీ నెలకు ఫోన్ చేశాడు. బండిని ఇప్పుడు వాకిట్లోకి తేకుండా వీధి చివర ఖాళీస్థలంలో ఆపుతున్నాడట. నాన్నకు దగ్గు తగ్గింది, చుట్ట మాత్రం రోజుకు ఒకటి నడుస్తూనే ఉందని చెప్పాడు.

చివరిగా మా నుండి ఒక విన్నపం. ఆసుపత్రి పోర్టికోలో రోగిని దింపిన వెంటనే ఇంజన్ ఆపండి. పిల్లల వార్డు కిటికీలు అటువైపే ఉన్నాయి. ఏసీ వేసుకుని కూర్చోవాలనుకునే వారికి గేటు దాటాక కుడిచేతివైపు చెట్ల కింద స్థలం కేటాయించాము. మా అంబులెన్స్ డ్రైవర్లకు కూడా ఇదే నియమం.