గుండెలో ఎడమ గది చేసే మూడు పనులు

మొన్న పొద్దున కృష్ణకాంత్ పార్కులో నాలుగు రౌండ్లు కొట్టి బెంచీ మీద కూలబడ్డాక, మా నడక మిత్రుడు సంచిలోంచి ఫైలు తీశాడు. 2డి ఎకో రిపోర్టు. "ఈఎఫ్ అరవై ఉంది, పంపింగ్ బ్రహ్మాండం అన్నారు మాస్టారూ. మరి యూసుఫ్‌గూడ మెట్రో మెట్లెక్కితే ఈ ఆయాసమేంటి?" అన్నాడు. నేను రిటైరైన ఫిజిక్స్ మాస్టార్ని, డాక్టర్ని కాను. ఆయాసానికి కారణం చెప్పే అర్హత నాకు లేదు. రిపోర్టు చదవడం మాత్రం వచ్చు. ఈఎఫ్‌కి రెండు వరసల కింద ఇంకో మాట ఉంది: 'ఎల్ఏ మైల్డ్‌లీ డైలేటెడ్'. ఎడమ కర్ణిక, అంటే గుండెలో ఎడమవైపు పై గది, కొంచెం పెద్దదైందని అర్థం. ఆ వరస అతనికెవరూ చదివి చెప్పలేదు, అతనూ అడగలేదు.

గుండె మాటొస్తే మనవాళ్ల సంభాషణ ఎడమ జఠరిక చుట్టూనే తిరుగుతుంది. ఒళ్లంతటికీ రక్తం కొట్టేది అదే కనక ఆ పెద్దరికం దానికి చెల్లింది. నిండిన రక్తంలో ఒక్కో స్పందనకు ఎంత శాతం బయటికి కొడుతోందో చెప్పే ఈఎఫ్ అనే అంకె కూడా దానిదే. వెనకవైపు, అన్నవాహికకు ఆనుకుని ఉండే ఎడమ కర్ణికను వైద్యులు సైతం చాలాకాలం ఉత్త దారిగదిగానే చూశారు. నిజానికి 1628లోనే విలియం హార్వీ బతికున్న జంతువుల గుండెలు చూసి, ముందు కర్ణికలు ముడుచుకుంటాయని, ఆ తర్వాతే జఠరికలు ముడుచుకుంటాయని రాశాడు. అంటే కర్ణికకు తన పని తనకుంది. ఒకటి కాదు, మూడు.

ఆ మూడూ తెలియాలంటే ఉదయం తొమ్మిదిన్నరకి అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో, రాయదుర్గం వైపు ప్లాట్‌ఫాం మీద నిలబడండి. రైలు ఇంకా రాలేదు. మియాపూర్ వైపునుంచి, ఎల్బీనగర్ వైపునుంచి మారేవాళ్లు, కింద రోడ్డు మీదనుంచి వచ్చేవాళ్లు అందరూ అక్కడే పోగవుతారు. ప్లాట్‌ఫాం వాళ్లనందర్నీ ఇముడ్చుకోవాలి. రైలొచ్చి తలుపులు తెరుచుకుంటాయి. నిలబడ్డవాళ్లు ఎవరూ తొయ్యకుండానే లోపలికి జారిపోతారు, అదే సమయానికి మెట్ల మీదుగా వస్తున్నవాళ్లు కూడా ఆగకుండా ప్లాట్‌ఫాం దాటి నేరుగా బోగీలోకి నడుస్తారు. చివరికి బీప్ మోగుతుంది. అప్పుడు వెనకనుంచి ఒక తోపు. ఆ తోపుకి ఇంకో పదిమంది లోపల పడతారు.

గుండెలోనూ ఇంతే. జఠరిక ముడుచుకుని రక్తాన్ని బృహద్ధమనిలోకి కొడుతున్నంతసేపూ మధ్యనున్న మైట్రల్ కవాటం మూసే ఉంటుంది. ఊపిరితిత్తుల నుంచి నాలుగు సిరల ద్వారా వచ్చే రక్తాన్ని కర్ణిక సాగి పట్టుకోవాలి. ఇది తొట్టి పని. కవాటం తెరుచుకోగానే పోగైన రక్తం తనంతట తానే కిందికి దిగుతుంది, సిరల్లోంచి వచ్చేది కూడా ఆగకుండా సాగిపోతుంది. ఇది గొట్టం పని. ఆఖర్న కర్ణిక తానే ముడుచుకుని మిగిలినదాంట్లో కొంత తోస్తుంది. ఇది పంపు పని. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో జఠరిక నింపుకునే రక్తంలో సుమారు 20 నుంచి 30 శాతం ఈ చివరి తోపు వల్లే వస్తుంది.

ఇప్పుడు తలుపు సగమే తెరుచుకుందనుకోండి. చిన్నప్పుడు గొంతునొప్పితో మొదలై, కీళ్లను పట్టి, చివరికి గుండె కవాటాన్ని పాడుచేసే రుమాటిక్ జ్వరం చేసేది ఆ పనే. 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లుండాల్సిన మైట్రల్ ద్వారం 1.5కి, ఇంకా తక్కువకి కుంచించుకుపోతుంది. కర్ణిక ఏళ్ల తరబడి ఉబ్బుతుంది. కొందరిలో ఎంత ఉబ్బుతుందంటే వెనకున్న అన్నవాహికను నొక్కి మింగుడు పడకుండా చేస్తుంది. ఒక్కోసారి స్వరపేటికకు వెళ్లే ఎడమ నరం నలిగి గొంతు బొంగురుపోతుంది. బొంగురు గొంతుతో చెవి, ముక్కు, గొంతు డాక్టరు దగ్గరికెళ్లిన మనిషి చివరికి గుండె డాక్టరు గదిలో తేలడం వైద్య పుస్తకాల్లో పాత కథే. ఈ జ్వరం తిరగబెట్టకుండా మూడు వారాలకోసారి పెనిడ్యూర్ అనే పెనిసిలిన్ సూది వేయించుకునే పిల్లలు ఆ సూదిని ఎందుకు ఎగ్గొట్టకూడదో చెప్పడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు. పంజాగుట్ట నిమ్స్ ఒకప్పుడు నిజాం ఆర్థోపెడిక్ హాస్పిటల్, అంటే కీళ్లు, ఎముకల ఆసుపత్రి. ఇప్పుడు అక్కడికి గుండె రోగులూ వస్తారు. ఈ జబ్బు నడిచిన దారి కూడా అదే, కీళ్లనుంచి గుండెకి.

ఉబ్బిన కర్ణికలో విద్యుత్తు దారి తప్పుతుంది. లయ చెదిరి, ముడుచుకోవడం మాని ఉత్తినే వణుకుతుంది. దీన్నే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. కదలని రక్తం గడ్డకడుతుంది, ముఖ్యంగా కర్ణికకు పక్కన చెవిలా వేలాడే చిన్న తిత్తిలో. ఆ గడ్డ మెదడుకి చేరితే పక్షవాతం. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ ఊరివాళ్లను ఏళ్ల తరబడి గమనించి 1978లో లెక్క తేల్చారు. ఈ లయ తప్పడం ఒక్కటే ఉంటే పక్షవాతం ముప్పు 5 రెట్లు, దానికి రుమాటిక్ కవాట జబ్బు తోడైతే 17 రెట్లు.

కవాటం మూసుకుపోయిన కర్ణికను పట్టుకోవడానికి ఎకో చాలు. చిక్కు మా మిత్రుడి లాంటి వాళ్లతోనే. కవాటం బాగుంది, ఈఎఫ్ బాగుంది. కానీ బీపీ, షుగర్, వయసు కలిసి జఠరిక గోడను బిరుసెక్కిస్తాయి. బిరుసు జఠరిక తేలిగ్గా సాగదు, నింపాలంటే కర్ణిక మరింత గట్టిగా తొయ్యాలి. కొంతకాలం తోస్తుంది. తర్వాత అలుస్తుంది, సాగిపోతుంది. అందుకే గుండె డాక్టర్లు కర్ణిక సైజును షుగర్ రోగుల మూడు నెలల సగటు పరీక్షతో పోలుస్తారు. ఆ పూట బీపీ ఎంతో కాదు, ఇన్నేళ్లుగా గుండె లోపల ఒత్తిడి ఎలా ఉందో కర్ణిక చెబుతుంది. అయితే పరిమాణం పెరగడం ఆలస్యంగా కనబడే గుర్తు. చాలామందిలో పని ముందే తగ్గుతుంది. ఆ పనిని కొలవడంలోనే ఎంఆర్ఐ అవసరం పడుతుంది.

ఎకోలో ఛాతీ మీద పెట్టిన ప్రోబ్‌కి కర్ణిక అన్నిటికంటే దూరాన ఉంటుంది. కోణం కాస్త తప్పినా గది కురచగా కనిపించి, అసలు కంటే చిన్నదని లెక్క వస్తుంది. లావుపాటి వాళ్లలో, ఊపిరితిత్తుల జబ్బున్న వాళ్లలో బొమ్మే సరిగా రాదు. ఎంఆర్ఐకి ఆ అడ్డాలు లేవు, ఏ కోణంలో కావాలంటే ఆ కోణంలో కోస్తుంది. ఒంట్లోని నీటిలో ఉన్న హైడ్రోజన్ కేంద్రకాలు 1.5 టెస్లా అయస్కాంతంలో, అంటే భూమి అయస్కాంత బలానికి సుమారు 30 వేల రెట్ల బలంలో, రేడియో తరంగం తగలగానే బదులు పలుకుతాయి. ఆ పలుకుల్లోంచి బొమ్మ కట్టవచ్చని చూపినందుకే లాటర్‌బర్, మాన్స్‌ఫీల్డ్‌లకు 2003లో నోబెల్ వచ్చింది. ఎక్స్‌రే కిరణాలు ఇందులో లేవు.

కానీ గుండె కదులుతుంది, ఎంఆర్ఐ నెమ్మది. ఒక్క స్పందన వ్యవధిలో 25, 30 ఫ్రేముల సినిమా ఎలా తీస్తారు? మా పక్కనే ఉన్న కృష్ణానగర్ సినిమావాళ్లకి ఈ సంగతి ఒక్క మాటలో చెప్పొచ్చు: అదే స్టెప్పు పదిసార్లు వేయించి, ఒక్కో టేకులో ఒక్కో ముక్క తీసి అతికిస్తారు. ఛాతీకి అంటించిన ఈసీజీ స్టిక్కర్లు ఎక్కడ క్లాప్ కొట్టాలో చెబుతాయి. "ఊపిరి తీసుకోండి, వదలండి, ఆపండి" అని హెడ్‌ఫోన్‌లో గొంతు వినిపిస్తుంది. ఆ పది, పదిహేను సెకన్లలో గుండె అదే స్టెప్పు తప్పకుండా వెయ్యాలి. ఫిబ్రిలేషన్ ఉన్నవాళ్లలో ఏ స్పందనా ముందుదానిలా ఉండదు. కంటిన్యుటీ దెబ్బతిని బొమ్మ మసకేస్తుంది. ఎవరి కర్ణికను బాగా చూడాలో వాళ్లదే సరిగా కనిపించకపోవడం ఈ పరీక్షలోని తమాషా. వాళ్ల కోసం అతకకుండా నేరుగా తీసే పద్ధతులున్నాయి, స్పష్టత మాత్రం కొంత తగ్గుతుంది.

ఆ సినిమాలో మూడు ఫ్రేములు ముఖ్యం. కవాటం తెరుచుకోబోయే ముందు, చివరి తోపుకి ముందు, తోపు అయ్యాక. ఉదాహరణకి ఇద్దరు మనుషుల్ని ఊహించుకుందాం. మొదటివాడి కర్ణికలో ఆ మూడు వేళల్లో 80, 56, 32 మిల్లీలీటర్ల రక్తం ఉంది. రెండోవాడిలో 82, 74, 57. నిండినప్పుడు చూస్తే ఇద్దరివీ ఒకే సైజు గదులు. పని చూడండి. మొదటిది నిండినదాంట్లో 60 శాతం ఖాళీ చేస్తోంది, రెండోది 30 శాతమే. చివరి తోపులో మొదటిది 43 శాతం, రెండోది 23 శాతం తోస్తోంది. పైగా రెండోవాడి జఠరిక ఒక్కో స్పందనకు 70 మిల్లీలీటర్లు కొడుతోందనుకుంటే, అందులో 25 మాత్రమే కర్ణిక దాచి ఇచ్చింది. మిగతా 45 గొట్టంలో పారినట్టు నేరుగా పారింది. తొట్టి, పంపు రెండూ నీరసించి గది గొట్టంగా మారుతోందన్నమాట. ఇప్పుడు కంప్యూటరు గోడ అంచును ఫ్రేముకి ఫ్రేముకీ వెంటాడి అది ఎంత శాతం సాగిందో కూడా లెక్కగడుతోంది.

అమిలాయిడ్ జబ్బులో ఇది ఇంకా విచిత్రం. పనికిరాని ప్రొటీను గోడల్లో పేరుకుపోతుంది. కొందరిలో ఈసీజీలో లయ చక్కగా ఉంటుంది, కర్ణికకు ఆజ్ఞ అందినట్టే కనిపిస్తుంది. సినిమాలో చూస్తే గది కదలదు. లయ తప్పకుండానే గడ్డ కట్టే మనుషులు వీళ్లు.

గాడోలినియం మందు ఎక్కించి కర్ణిక గోడలో మచ్చలు వెతికే పద్ధతి గురించి చాలా హడావుడి జరిగింది. మచ్చలు ఎక్కువున్న వాళ్లకి అబ్లేషన్, అంటే లయ సరిచెయ్యడానికి కర్ణికలో కొంత భాగాన్ని కాల్చే చికిత్స, చేశాక లయ మళ్లీ తప్పడం ఎక్కువని 2014లో తేలింది. సరే, ఆ మచ్చల్ని కూడా కాల్చేస్తే పోదా అని పరీక్షించి చూస్తే, 2022లో అదనపు లాభమేమీ కనబడలేదు. గోడ మందం రెండు మూడు మిల్లీమీటర్లు. అంత పల్చటి గోడలో మచ్చ చూశామనడానికి తొందరపడకపోవడమే మంచిదని నాకనిపిస్తుంది. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకి ఆ మందు విషయంలో జాగ్రత్త కావాలి, పేస్‌మేకరున్న వాళ్లు ముందే చెప్పాలి.

మా మిత్రుడు "అయితే నేనూ ఆ ఎంఆర్ఐ తీయించుకోనా?" అని అడిగాడు. అమీర్‌పేట రోడ్ల మీద స్కాన్ సెంటర్లకు కొదవలేదు కానీ, గుండె ఎంఆర్ఐ తీసి కర్ణికను ఓపిగ్గా కొలిచేవాళ్లు అంత విరివిగా ఉండరు. నార్మల్ అంకెలు కూడా కొలిచే పద్ధతిని బట్టి మారతాయి. ఎకోతో తేలని చోట, గుండె కండరం జబ్బుల్లో, అబ్లేషన్‌కి ముందు డాక్టరు రాస్తే చేయించుకోవాల్సిన పరీక్ష ఇది. మనంతట మనం వెళ్లి అడిగేది కాదు. అతని డాక్టరు రాయలేదు కూడా. బీపీ మాత్ర మార్చి, ఆరు నెలలకి మళ్లీ ఎకో తీయించమన్నారు. మీ ఇంటి బీరువాలోనూ ఎకో రిపోర్టు ఉండే ఉంటుంది. ఈఎఫ్ దగ్గర ఆగిపోకుండా ఎల్ఏ అన్న వరస వెతకండి. ఈసారి ఓపీకి వెళ్లినప్పుడు దాని మీద వేలు పెట్టి, "ఇది పోయినేడాది ఎంత ఉందండీ?" అని అడగండి.