పాత బ్రిటిషు సైనిక లారీలను గుర్తించుట

వానకాలములో ఆదిలాబాదు నల్లరేగడి నేలపై లారీ నడపుట ఎంత కష్టమో ఆ ప్రాంతమువారికి చెప్పనక్కరలేదు. బరువుతోనున్న లారీ ఒకసారి దిగబడినచో వెనుక చక్రములు ఉన్నచోటనే గిర్రున తిరిగి గోతిని మరింత లోతు చేయునే గాని బండి కదలదు. ముందు చక్రములు ఏ పనియు లేక ఊరక నిలిచియుండును. ఆ చక్రములకు కూడ పని కల్పించుటయే రెండవ ప్రపంచయుద్ధకాలపు సైనిక లారీలలోని ముఖ్య విశేషము. పాత సైనిక లారీని గుర్తింపగోరువారు మొదట చూడవలసినదియు అదియే.

తెలంగాణమునకు బ్రిటిషు మోటారు బండ్లు కొత్తవి కావు. నిజాము రాష్ట్ర రైల్వే వారి రోడ్డు రవాణా శాఖ 1932లో 27 బస్సులతో ప్రారంభమైనది. ఆ తొలి బస్సులు స్కాట్లండులోని ఆల్బియన్ కంపెనీవారివి. అదే కంపెనీ మొదటి ప్రపంచయుద్ధములో బ్రిటిషు సైన్యమునకు మూడు టన్నుల లారీలను సుమారు 6,000 చేసి యిచ్చినది. వానిలో ఇంజను శక్తి వెనుక చక్రములకు సైకిలులో వలె గొలుసుల ద్వారా అందెడిది. రెండవ యుద్ధము 1945లో ముగిసిన తరువాత మిగులు సైనిక వాహనములను ప్రభుత్వము అమ్మివేసినది. 1948 సెప్టెంబరు 13న హైదరాబాదు సంస్థానములో ప్రవేశించిన భారత సైన్యము వాడినవియు ఎక్కువగా ఆ యుద్ధకాలపు బండ్లే. 1959 ప్రాంతమున జబల్పూరులో శక్తిమాన్ లారీల తయారీ మొదలైన పిదప అవి క్రమముగా తొలగిపోయినవి.

బ్రిటిషు సైనిక పరిభాషలో సుమారు ఒక టన్ను వరకు మోయునది ట్రక్కు, అంతకు మించినది లారీ. మన ఊళ్లలో అన్నియు లారీలే. చిన్న ట్రక్కులు మోయు బరువును హండ్రెడ్‌వెయిట్లలో చెప్పెడివారు. ఒక హండ్రెడ్‌వెయిటు 50.8 కిలోగ్రాములు గనుక, 15 హండ్రెడ్‌వెయిట్ల ట్రక్కు అనగా సుమారు 760 కిలోగ్రాములు మోయు బండి యన్నమాట.

ఇక చక్రముల సంగతి. నాలుగు చక్రములలో రెంటికి మాత్రమే ఇంజను శక్తి అందు బండిని 4×2 అనియు, నాలుగింటికి అందుదానిని 4×4 అనియు వ్రాయుదురు. ఒక చిన్న లెక్క వేయుదము. సరకుతో కలిపి 6 టన్నుల బరువున్న లారీలో 4 టన్నులు వెనుక ఇరుసుపై, 2 టన్నులు ముందు ఇరుసుపై పడుచున్నవనుకొనుడు. తడినేలపై ఘర్షణ గుణకము 0.3 అనుకొన్నచో, 4×2 బండి నేలను పట్టి నెట్టగలిగిన బలము 4 × 0.3, అనగా 1.2 టన్నులు మాత్రమే. ఇంజను ఎంత బలమైనదైనను ఇంతకు మించినచో చక్రము జారును. 4×4 బండిలో 6 టన్నుల బరువును పనికి వచ్చును. కావున బలము 1.8 టన్నులగును. ఇంజను మారలేదు, బరువు మారలేదు. అయినను పట్టు ఒకటిన్నర రెట్లైనది.

దీనిని కంటితో గుర్తించుట సులభమే. వంగి ముందు ఇరుసును చూడవలెను. అది నున్నని ఉక్కుకడ్డీ వలె నున్నచో 4×2. వెనుక ఇరుసుకు వలె గేర్లు దాగియున్న గుండ్రని ఉబ్బు కనబడినచో 4×4. గట్టి రోడ్డుపై ముందు చక్రములకు శక్తి అందకుండ ఒక మీటతో విడదీసెడివారు. మలుపు తిరుగునపుడు ముందు చక్రములు వెనుకవానికంటె ఎక్కువ దూరము పోవలెను గదా. రెండు ఇరుసులను కలిపియుంచినచో టైర్లు ఒరసికొని అరిగిపోవును.

రెండవ గుర్తు వెనుక టైర్లు. మామూలు సరకు లారీకి వెనుక ప్రక్కకు రెండేసి టైర్లుండును. యుద్ధకాలపు 4×4 లారీలకు పెద్దవి ఒక్కొక్కటే యుండెడివి. జంట టైర్ల నడుమ రేగడి మట్టి దూరి గట్టిపడును. పైగా అవి ముందు టైరు త్రొక్కిన గాడికంటె వెడల్పైన కొత్త గాడిని త్రవ్వుకొనవలెను. ఒంటి టైరు ముందు చక్రపు జాడలోనే నడచును. ఎడ్లబండి తోలువారికి ఈ సూత్రము పుస్తకము లేకయే తెలియును.

బెడ్‌ఫర్డు కంపెనీవారి రెండు మూడు టన్నుల లారీలను పోల్చి చూచినచో ఈ భేదము స్పష్టమగును. ఓవై రకములో బానెట్టు ముందుకు చొచ్చియుండును, అది 4×2. 1941లో వచ్చిన క్యూఎల్ రకములో బానెట్టు దాదాపు లేదు, డ్రైవరు ఇంజను ప్రక్కన ఎత్తుగా కూర్చుండును, అది 4×4. రెంటిలోను ఇంజను ఒకటే: ఆరు సిలిండర్లు, సుమారు 3.5 లీటర్లు, 72 అశ్వశక్తి. మోరిస్ కంపెనీవారి క్వాడ్ అను బండి వీపు పేడపురుగు వీపు వలె వాలియుండును. అది సరకు లారీ కాదు. 25 పౌనుల గుండ్లు పేల్చు ఫిరంగిని, దాని మందుగుండు పెట్టెను, ఆరుగురు మనుషులను కొనిపోవు బండి. దిగబడిన ఫిరంగిని లాగుటకు దానిలో ఉక్కుతాటి వించి యుండెడిది.

భారతదేశమునకు వచ్చినవానిలో చాల బండ్లు బ్రిటిషు సైన్యపు అవసరములకు కెనడాలో తయారైన ఫోర్డు, షెవ్రొలే లారీలు. యుద్ధకాలములో ఇట్టివి 4 లక్షలకు పైగా తయారైనవి. తరువాతి నమూనాలలో ముందు అద్దము అడుగుభాగము లోనికి వాలియుండును. ఎండ తళుకు ఆకాశమువైపు పోయి విమానమునకు చోటు తెలియకుండుటకే ఈ ఏర్పాటు.

సామగ్రిలో మిక్కిలి చమత్కారమైనది వెనుక దీపము. రాత్రి వరుసగా పోవు లారీలు పెద్ద దీపములు వేసినచో శత్రువు చూచును. అందుచే వెనుక ఇరుసు ఉబ్బుకు తెల్లరంగు పూసి, దానిపై మాత్రమే పడునట్లు బండి క్రింద చిన్న దీపమమర్చిరి. వెనుక డ్రైవరునకు ఆ తెల్లని మచ్చ కనబడును. పైనుండి చూచువానికి ఏమియు కనబడదు. ముందు భాగమున పసుపు బిళ్లపై నల్ల అంకె యున్నచో అది వంతెనకు సంబంధించినది. వంతెన వద్ద వ్రాసిన అంకెకంటె బండి అంకె పెద్దదైనచో దాటరాదు. బానెట్టుపై సంఖ్యకు ముందున్న అక్షరము బండి జాతిని తెలుపును: ఎల్ అనిన లారీ, జడ్ అనిన ట్రక్కు, హెచ్ అనిన ఫిరంగి లాగు బండి. కొన్నవారు పై రంగు మార్చినను, జాగ్రత్తగా గీకినచో అడుగున ఈ అక్షరములు బయటపడుట కలదు.

పాత ఇనుము కొట్లలో ఇట్టి చక్రము కనబడినచో ఒక విషయము జ్ఞాపకముంచుకొనవలెను. సైనిక చక్రపు రిమ్ము తరచుగా రెండు ముక్కలు. బోల్టులతో ఒకటిగా బిగింపబడియుండును. టైరును సులభముగా మార్చుటకే ఇట్లు చేసిరి. చక్రమును ఇరుసుకు పట్టియుంచు నట్లు వేరు, రిమ్ము ముక్కలను కలుపు నట్లు వేరు. రెండవవానికి ఎర్రరంగు పూసెడివారు. గాలి ఉండగా వానిని విప్పరాదు. చదరపు అంగుళమునకు 40 పౌనుల గాలి యున్నచో, అరచేయి యంత చోటున, అనగా 16 చదరపు అంగుళములపై, 640 పౌనుల బలము పడును. చక్రమంతటిపై కలిపినచో అది టన్నుల లెక్క. ఎర్ర నట్లను వదులు చేసినంతనే రిమ్ము ముక్క ఫిరంగి గుండు వలె ఎగిరి మనిషిని చంపగలదు. ఎర్రరంగు ఏనాడో రాలిపోయియుండవచ్చును గనుక, ముందుగా వాల్వు తీసి గాలి యంతయు పోయినదని చూచుకొనిన పిదపనే రెంచీ పట్టవలెను.