ఊదను నారుమడిలోనే పట్టుకోండి



సార్వా ఊడ్చిన నెలన్నరకో, రెండు నెలలకో పాలకొల్లు చుట్టుపట్ల ఏ చేలగట్టు మీదనైనా నిలబడి చూడండి. వరి ఇంకా పొట్టకు రాదు. కాని మధ్యమధ్య కొన్ని దుబ్బులు వరికంటె జానెడు ఎత్తు లేచి కంకి విడిచి వుంటాయి. అది ఊద అని అప్పుడు చిన్నపిల్లలు కూడా చెబుతారు. కాని అప్పటికి తెలిసి లాభమేమిటి? వరికి వేసిన ఎరువులో అది తన వాటా తినేసింది. గింజ రాల్చడానికి సిద్ధంగా వున్నది. ఇంకొక సంగతి గమనించారా? ఆ దుబ్బుల్లో కొన్ని సరిగ్గా వరి కుదురులోనే వుంటాయి. అవి చేలో మొలిచినవి కావు. నారుకట్టలో కలిసివచ్చి, మన కూలిడబ్బుతో మనమే ఊడ్చుకున్నవి.

కాబట్టి ఊదను కంకిలో కాదు, నారులో గుర్తుపట్టాలి. అదేమంత కష్టం కాదు. ఎలాగో చెబుతాను వినండి.

నారుమడిలో అనుమానం కలిగిన మొక్కను ఒకటి పీకి చేతిలోకి తీసుకోండి. ఆకును కాండం నుంచి మెల్లగా వెనక్కు వంచండి. ఆకు వచ్చి కాండాన్ని చుట్టుకునే చోటు వున్నది గదా, దాన్ని మెడ అనుకుందాం. వరి మొక్కకయితే ఆ మెడ లోపలివైపు తెల్లని పలుచని పొర ఒకటి నాలుకలా నిలబడి వుంటుంది. దానికి రెండు పక్కలా నూగు వున్న చిన్న చెవులు కాండాన్ని పట్టుకొని వుంటాయి. ఊదకు నాలుకా లేదు, చెవులూ లేవు. మెడ బోడిగా, నున్నగా వుంటుంది. ఇదొక్కటి గుర్తుంచుకుంటే చాలు. లోతునీళ్లలో, కాలువల్లో పెరిగే మరొక ఊద జాతి వున్నది. దానికి మాత్రం ఆ చోట గరుకు వెంట్రుకల వరుస కనిపిస్తుంది. వరికుండే తెల్లపొర దానికీ వుండదు.

"ఎర్రమొదలు చూసి పీకేస్తున్నాం, చాలదా?" అని మీరు అడగవచ్చు. చాలదు. ఊద మొదలు తరచు ఎరుపుగా వుండే మాట నిజమే. అయితే ఎర్రగా వున్నదాన్ని, వంగి పెరిగేదాన్ని మనం ఏటేటా పీకేస్తూ వుంటే, ఆకుపచ్చ మొదలుతో వరిలాగే నిటారుగా నిలిచేది చేలో మిగిలిపోతుంది. దాని గింజే మళ్లీ మొలుస్తుంది. ఇట్లా కలుపుతీసే చెయ్యే తెలియకుండా వరిని పోలిన ఊదను ఏరి పెంచుతుంది. పంటతో పెరిగే కలుపు క్రమంగా పంట రూపు దాలుస్తుందని రష్యా శాస్త్రజ్ఞుడు వావిలోవ్ గమనించాడు. చైనాలో యాంగ్‌ట్సీ నది ప్రాంతపు ఊదను పరిశోధించినవారు ఈ పోలిక సుమారు వెయ్యేళ్ల కిందట మొదలయిందని 2019లో లెక్కగట్టారు. రంగు మోసం చేస్తుంది, మెడ మోసం చెయ్యదు.

ఇక ఊదలో ఊదకు తేడా. మన చేలల్లో ముఖ్యంగా రెండు జాతులున్నాయి. మనవాళ్లు సాధారణంగా రెంటినీ ఊద అనే అంటారు. తేడా తెలియడానికి చిన్న ఊద, పెద్ద ఊద అని పిలుచుకుందాం. శాస్త్రంలో చిన్నదాన్ని ఎకినోక్లోవా కొలోనా అనీ, పెద్దదాన్ని ఎకినోక్లోవా క్రస్‌గల్లి అనీ అంటారు.

చిన్న ఊద సన్నని మొక్క. మొదట్లో నేలబారుగా పాకి తరువాత పైకి లేస్తుంది. సాధారణంగా మోకాలి ఎత్తు దాటదు. కొన్ని మొక్కల ఆకుల మీద అడ్డంగా ఊదారంగు పట్టీలుంటాయి. పట్టీలుంటే చిన్న ఊదే అనుకోవచ్చు. లేకపోతే మాత్రం కాదని చెప్పలేము. కంకికి పొట్టి కొమ్మలు, ఒక్కొక్కటి అంగుళం లోపు. ఆ కొమ్మల మీద గింజలు నాలుగు వరుసలుగా పేర్చినట్టు వుంటాయి. గింజకు ముల్లు వుండదు.

పెద్ద ఊద దుబ్బు బలమైనది. నడుమెత్తు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి పెరుగుతుంది. కంకి జానెడు వరకు వుంటుంది. కొమ్మలు పొడుగ్గా వుండి, వాటికి మళ్లీ చిన్న పిల్లకొమ్మలు వస్తాయి. గింజలు వరుస లేకుండా గుంపుగా వుంటాయి. తరచు గింజ కొసను పొడుగాటి ముల్లు వుంటుంది. కాని ముల్లులేని పెద్ద ఊద కూడా వున్నది గనుక ముల్లును మాత్రమే నమ్మకండి. కొమ్మకు కొమ్మ వున్నదా, గింజలు వరుసలో వున్నాయా, ఈ రెండూ చూడండి.

ఈ రెండింటికీ తిండిగింజల్లో బంధువులున్నారు. ఉపవాసాలనాడు కొందరు వండుకునే ఊదలు మన దేశంలో చిన్న ఊద నుంచి పుట్టిన పంట. జపాన్‌వారి ఊదలు పెద్ద ఊద నుంచి వచ్చినవి. పంట ఊద గింజను కోతదాకా కంకిలో పట్టి వుంచుతుంది. కలుపు ఊద పండీ పండకముందే నేలమీద రాల్చేస్తుంది. మనకు వచ్చే చిక్కంతా అక్కడే వున్నది.

రెండూ కలుపే గదా, తేడాతో పనేమిటంటారా? పని వున్నది. చిన్న ఊద తడి ఆరిన నేలలో, గట్ల వెంబడి, చేలో మెరక తట్టున ఎక్కువగా మొలుస్తుంది. అది చేను నడుమ కనిపించిందంటే దమ్ము సమంగా సాగలేదని, అక్కడ నీరు నిలవడం లేదని అర్థం. మెరక చెక్కి పల్లానికి లాగి, రెండంగుళాల నీరు నిలిపితే కొత్త మొలక బాగా తగ్గుతుంది. పెద్ద ఊద అట్లా కాదు. ఒకసారి వేరూని ఆకు పైకి తేలిందా, నిలవనీటిలో వరికి దీటుగా పెరుగుతుంది. దాని దారి విత్తనం, నారుమడి. విత్తనాన్ని ఉప్పునీటిలో పోసి తేలిన తాలును, కలుపు గింజను తీసేసి, మంచినీటితో రెండుసార్లు కడిగి చల్లండి. నారు పీకేముందు ఒకసారి, కట్ట కట్టేటప్పుడు ఒకసారి మెడ చూసి ఏరించండి.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువనీరు అందిన తరువాత మన డెల్టాలో వరిమీద వరి వేయడం అలవాటయింది. సార్వాలో రాలిన గింజకు దాళ్వాలో అదే తడి, అదే పంట దొరుకుతున్నాయి. పైగా ఊద మొక్కజొన్న, చెరకు కోవకు చెందినది. ఎండను వాడుకోవడంలో వరికంటె చురుకు. కూలీలు దొరకక వెదజల్లే చేలల్లోనూ, డ్రమ్ సీడరుతో విత్తే చేలల్లోనూ వరి, ఊద ఒకే వయసువి. నారు ముందుండే వీలు అక్కడ లేదు. వెదచల్లితే వరుస కూడా వుండదు. అటువంటి రైతు విత్తిన రెండు వారాల నుంచే చేలో దిగి మెడ చూసుకోవాలి.

మందు వాడేవారికి ఒక మాట. బిస్పైరిబాక్ సోడియం వంటి మందు ఊద రెండు నుంచి నాలుగు ఆకుల మీద వున్నప్పుడు బాగా పనిచేస్తుంది. ముందు నీరు తీసి, ఆకులు బయటపడ్డాక పిచికారీ చేసి, రెండు మూడు రోజులలో మళ్లీ నీరు పెట్టాలి. సైహాలోఫాప్ బ్యూటైల్ గడ్డిజాతిమీదనే పనిచేస్తుంది, తుంగను ముట్టదు. మూడు పలకల కాడ వుంటే అది తుంగ అని ముందే చూసుకోండి. మోతాదు డబ్బామీద చూసి, మీ వ్యవసాయ అధికారిని గాని, మార్టేరు పరిశోధనా స్థానం వారిని గాని అడిగి వాడండి. ఏటేటా ఒకే మందు కొట్టిన వరిచేలల్లో దానికి లొంగని ఊద పలు దేశాల్లో తయారయింది. కాబట్టి మందు మార్చండి, చేతికలుపు మానకండి.

పీకిన ఊద పశువులకు మంచి మేతే. కంకి తొడగకముందే వేయండి. గింజపట్టినది వేస్తే కొంత గింజ పేడలో బతికి పెంటతో తిరిగి చేలోకే వస్తుంది. కంకి వచ్చినదాన్ని గట్టుమీద పారవేయకండి, కాలువలో అసలే వేయకండి. నీళ్లమీద తేలిపోయి దిగువ రైతు చేలో మొలుస్తుంది.

గ్రామాల్లో పనిచేసే సోదరులు ఈసారి నారుమడుల దగ్గరకు వెళ్లినప్పుడు, పది వరి మొక్కలూ పది ఊద మొక్కలూ కలిపి ఒక కట్టగా కట్టి, నారు పీకే ఆడవాళ్ల చేతికివ్వండి. మెడ చూసి వేరు చేయమనండి. ఒక పూటలో నేర్చుకుంటారు. అసలు కలుపును చేలోకి రానివ్వకుండా ఆపేది వారి చేతులే గనుక, ఈ పాఠం ముందుగా వారికే చెప్పాలి.