నేల విడవని చక్రం

గతుకుల దారిలో ఎడ్లబండి ఎక్కినవారికి ప్రతి రాయీ తెలుస్తుంది. చక్రం లేచినప్పుడల్లా బండి కూడా లేస్తుంది. మోటారు వాహనాలలో ఈ బాధ తక్కువ. వాటిలో చక్రానికీ, చాసిస్‌కూ మధ్య స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు ఉంటాయి. స్ప్రింగు చక్రాన్ని పైకి లేవనిచ్చి, మళ్ళీ నేలకు నొక్కుతుంది. షాక్ అబ్జార్బర్ ఆ ఊపును అదుపు చేస్తుంది. ఈ ఏర్పాటునంతటినీ కలిపి సస్పెన్షన్ అంటారు.

సస్పెన్షన్ ఉన్నది ప్రయాణికుల సుఖం కోసమే అనుకోవడం పొరపాటు. చక్రం నేలను విడవకుండా చూడటం దాని ముఖ్యమైన పని. గాలిలో వేలాడే చక్రం బండిని ఆపలేదు, మళ్ళించలేదు.

సరుకు లారీలలో సాధారణంగా ముందు చక్రాలు రెండూ ఒకే ఇరుసుకు ఉంటాయి. ఆ ఇరుసును కమాను కట్టలకు బిగిస్తారు. ఎడమ చక్రం రాయి ఎక్కితే ఇరుసు ఒరిగి, కుడి చక్రం కూడా వాలుతుంది. స్వతంత్ర సస్పెన్షన్‌లో అలా జరగదు. అందులో ఒక రకంలో ఒక్కొక్క చక్రాన్ని పైన ఒకటి, కింద ఒకటి చొప్పున రెండు చేతులు చాసిస్‌కు కలుపుతాయి. బందుల మీద తలుపు ఆడినట్లు ఈ చేతులు పైకీ కిందికీ ఆడతాయి. చక్రం అట్టడుగు స్థానం నుంచి పై కొస వరకు కదలగల దూరాన్ని చక్రపు కదలిక అంటారు.

ఈ కదలిక విలువ ఎడారిలో బాగా తెలుస్తుంది. మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా ద్వీపకల్పంలో 1967లో ఒక సుదీర్ఘమైన ఎడారి పందెం మొదలైంది. తిహువానా నుంచి లా పాజ్ వరకు సాగిన ఆ పందెంలో వోక్స్‌వ్యాగన్ బీటిల్ భాగాలతో తయారైన మేయర్స్ మాంక్స్ అనే చిన్న బండి 27 గంటల 38 నిమిషాలలో గమ్యం చేరి గెలిచింది. దానికి ఉన్నది స్వతంత్ర సస్పెన్షనే. అలలవంటి ఇసుక దిబ్బల మీద చక్రాలు ఎంత ఎక్కువగా కదలగలిగితే బండి అంత నిలకడగా పోతుంది.

టయోటా సంస్థ అమెరికాలో అమ్మిన ఫోర్ వీల్ డ్రైవ్ పికప్ ట్రక్కులకు 1986 మోడల్ నుంచి ముందు ఇరుసును, కమాను కట్టలను తీసివేసి, స్వతంత్ర సస్పెన్షన్ అమర్చింది. అందులో చుట్టలు తిరిగిన స్ప్రింగుకు బదులు టార్షన్ బార్ అనే పొడవైన ఉక్కు కడ్డీ ఉంటుంది. చక్రం లేచినప్పుడు ఈ కడ్డీ మెలిపడి, తిరిగి యథాస్థితికి వస్తూ చక్రాన్ని కిందికి నెడుతుంది. మామూలు రోడ్డు మీద ఇది సుఖంగా నడుస్తుంది. ఎడారి దారులలో మాత్రం చాలామందికి దాని కదలిక చాలలేదు.

కొందరు టార్షన్ బార్ మరను బిగించి ట్రక్కు ముందు భాగాన్ని ఎత్తు చేస్తారు. దీనివల్ల ఎత్తు పెరుగుతుంది గాని కదలిక పెరగదు. ఉదాహరణకు, చక్రం 10 సెంటీమీటర్లు పైకి, 10 సెంటీమీటర్లు కిందికి కదలగలదనుకుందాం. ట్రక్కును 5 సెంటీమీటర్లు ఎత్తితే పైకి 15, కిందికి 5 మిగులుతాయి. మొత్తం 20 సెంటీమీటర్లే. పైగా గుంత వచ్చినప్పుడు చక్రం 5 సెంటీమీటర్లు దిగి ఆగిపోతుంది. అంతకంటె లోతు గుంతలో అది నేలను విడుస్తుంది.

కదలిక నిజంగా పెరగాలంటే ముందుగా దానిని ఏది ఆపుతున్నదో తెలుసుకోవాలి. అందుకు ట్రక్కును గట్టి స్టాండ్ల మీద నిలిపి, చక్రం మీద టార్షన్ బార్ బలం లేకుండా చేస్తారు. తరువాత జాకీతో చక్రాన్ని మెల్లగా పైకీ కిందికీ కదిలిస్తారు. స్టీరింగును రెండు వైపులా తిప్పి కూడా చూస్తారు. షాక్ అబ్జార్బర్ పొడవు చాలకపోవచ్చు. పై చేతి చివరి బాల్ జాయింట్ అంతకంటె వంగలేకపోవచ్చు. చేయి రబ్బరు దిమ్మెకు తగలవచ్చు. ముందుగా అడ్డుపడిన భాగాన్ని మార్చితే కొంత కదలిక దొరుకుతుంది. ఆపైన మరొకటి అడ్డుపడుతుంది.

ఇంకా ఎక్కువ కావాలంటే చేతులనే పొడిగించాలి. 30 సెంటీమీటర్ల చేయి పైకి 20 డిగ్రీలు, కిందికి 20 డిగ్రీలు తిరిగితే చక్రం సుమారు 20 సెంటీమీటర్లు కదులుతుంది. అదే కోణంలో 40 సెంటీమీటర్ల చేయి సుమారు 27 సెంటీమీటర్ల కదలికనిస్తుంది.

అయితే చేయి ఒక్కటే పొడవైతే చాలదు. ఇంజను శక్తిని చక్రానికి చేర్చే షాఫ్టు కూడా పొడవు కావాలి. దాని చివరనున్న సి.వి. జాయింట్ మితిమీరి వంగితే విరిగిపోతుంది. స్టీరింగుకు చెందిన టై రాడ్‌ను తగినట్లు పొడిగించకపోతే చక్రం లేచినప్పుడల్లా తనంతట తానే పక్కకు తిరుగుతుంది. బ్రేకు గొట్టం పొట్టిదైతే చక్రం దిగినప్పుడు తెగవచ్చు. పొడవు చేతుల వల్ల టార్షన్ బార్ మీద భారం పెరుగుతుంది కనుక మందమైన బార్ వేయాలి. చక్రం హద్దు దాటి దిగకుండా గట్టి పట్టీ కట్టాలి. లేకపోతే ఆ కుదుపు షాక్ అబ్జార్బర్ మీద పడుతుంది. చేతులు ఒక్కొక్కటి 10 సెంటీమీటర్లు పెరిగితే ముందు చక్రాల మధ్య దూరం 20 సెంటీమీటర్లు పెరుగుతుంది.

అందుకే ఇవి పందేల బండ్లకు, నిపుణుల చేతులకు తగిన పనులు. మన దేశంలో వాహనాన్ని ఇష్టానుసారం మార్చడానికి 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ఒప్పుకోదు. ఒక్క భాగాన్ని మార్చినా దాని ప్రభావం మిగిలిన భాగాలన్నింటి మీదా పడుతుంది. వాటన్నింటినీ లెక్కలోకి తీసుకున్నప్పుడే పెరిగిన కదలిక చక్రాన్ని నేల మీద నిలుపుతుంది.