కన్నులకు గట్టిన పెట్టె

అయిజలో మా యింట నొక వినోదము జరిగినది. మేనల్లుడు హైదరాబాదునుండి వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్ అను యంత్రమును దెచ్చి మా పెద్దమ్మ కన్నులకు గట్టెను. ఆమె యెన్నడును సముద్రమును చూచి యెరుగదు. క్షణములో నోరు దెరచి, చీరకుచ్చెళ్లు పైకెత్తి, వట్టి నేలపై వెనుకకు జరిగెను. ఇంటిల్లిపాదియు పకపక నవ్వితిమి.

పిమ్మట విచారించితిని. మన రెండు కన్నులును ఒకే వస్తువును కొంచెము భేదముతో జూచును. ఆ రెంటిని గలిపి మెదడు లోతును గ్రహించును. దీనిని 1838లో ఇంగ్లండున వీట్‌స్టన్ పండితుడు వివరించెను. ఈ యంత్రమును కంటికొక బొమ్మ చొప్పున జూపును. తల త్రిప్పినచో బొమ్మయు దగినట్లు మారును. కావున అలను జూచి కాలు వెనుకకు దీయుట వెర్రి గాదు. అల మనకు కనబడదు, కాలు మాత్రమే కనబడును. హాస్యమంతయు నిందే యున్నది.

2015లో టైమ్ పత్రిక ముఖపత్రముపై, ఆక్యులస్ యంత్రమును రూపొందించిన పామర్ లక్కీ దానిని ధరించి, చెప్పులు లేని కాళ్లతో గాలిలో దేలుచున్నట్లు కనబడగా పలువురు నవ్విరి. 2024లో ఆపిల్ సంస్థ, ధరించినవారి కన్నుల ప్రతిరూపమును వెలుపలి అద్దముపై జూపు యంత్రమును విక్రయమునకు బెట్టెను. కన్నులు గానరాని ముఖము మనకంత కొత్తగా నుండును!

యంత్రము దీసి పెద్దమ్మ మా నవ్వులు జూచినది. కుచ్చెళ్లు సవరించుకొని మాటాడక లోపలికి బోయినది. ధరించినవారు మనలను జూడలేరు. మనము వారిని జూడగలము. కావున చేయి పట్టుకొని నిలువుడు. తీసినపిదప “ఏమి చూచితివి?” అని యడుగుడు. నేనడుగలేదు.