షుగరున్నవారి గుండెకు మెంతులూ, నడకా

షుగరు వచ్చిందనగానే మనం చేసే మొదటి పని కాఫీలో పంచదార మానెయ్యడం. స్వీట్లు ముట్టడం లేదు కదా, ఇంకేం భయం అనుకుంటాం. కానీ షుగరు వల్ల పెద్ద ముప్పు గుండెకే. రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే రక్తనాళాల లోపలి గోడలు దెబ్బతిని, అక్కడ కొవ్వు పేరుకుంటుంది. దానికి బి.పి., కొలెస్ట్రాల్ తోడైతే గుండెపోటుకు దారి పడినట్టే. అందుకే షుగరుతో పాటు గుండెనూ కనిపెట్టుకుని ఉండాలి.

ఈ విషయంలో మన పోపులపెట్టెలోని మెంతులు కొంత సాయపడతాయి. ఇది అమ్మమ్మల మాట మాత్రమే కాదు. మా తార్నాకలో, ఉస్మానియా యూనివర్సిటీ పక్కనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థలో పరీక్షించి చూసిన సంగతి. 1918లో కూనూరులో మొదలై, 1958లో హైదరాబాదుకు వచ్చిన సంస్థ ఇది. ఇక్కడి శాస్త్రవేత్తలు ఆర్.డి. శర్మ, టి.సి. రఘురాం మొదలైనవారి అధ్యయనం 1990లో అచ్చయింది. ఇన్సులిన్ తీసుకునే రోగులకు, నూనె తీసేసిన మెంతిపిండి రోజుకు 100 గ్రాములు, రెండు పూటల భోజనంలో కలిపి 10 రోజులు పెట్టారు. పరగడుపు చక్కెర తగ్గింది. మూత్రంలో పోయే చక్కెర 54 శాతం తగ్గింది. చెడ్డ కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్లు కూడా తగ్గాయి. మంచి కొలెస్ట్రాల్ మాత్రం తగ్గలేదు.

అమ్మో, రోజుకు 100 గ్రాములా అని హడలిపోకండి! 1996లో శర్మ తదితరులు ప్రచురించిన మరో అధ్యయనంలో 60 మందికి రోజుకు 25 గ్రాములే, 24 వారాలు ఇచ్చి చూశారు. అందులోనూ చక్కెర, కొలెస్ట్రాల్ తగ్గాయి.

కారణం ఏమిటంటే, మెంతుల్లో దాదాపు సగం పీచే. నానితే జిగురొస్తుంది చూడండి, అదే కరిగే పీచు. అది కడుపులో చేరి, అన్నంలోని చక్కెర ఒక్కసారిగా రక్తంలోకి పోకుండా నెమ్మది చేస్తుంది. కొలెస్ట్రాల్‌నూ కొంత బయటికి పంపేస్తుంది.

ఎలా వాడాలి?

కిరాణా కొట్టులో 25 గ్రాములు తూయించి, రెండు సమాన భాగాలు చేసి, ఒక్కో భాగం మీ చెంచాతో ఎన్ని చెంచాలో కొలుచుకోండి. అదే ఒక పూట కొలత. మొదటి వారం ఒక్క చెంచాతోనే మొదలుపెట్టి మెల్లగా పెంచండి. లేకపోతే కడుపుబ్బరం, విరేచనాలు అవుతాయి. రాత్రి నానబెట్టిన మెంతులు మెత్తగా రుబ్బి, పలచటి మజ్జిగలో కలిపి, కాస్త అల్లం, కరివేపాకు వేసి భోజనానికి పావుగంట ముందు తాగవచ్చు. చేదు పడనివారు దోసెల పిండిలోనో, చపాతీ పిండిలోనో, పప్పులోనో కలుపుకోవచ్చు. వేయించి నూనె పోసి ఊరగాయ పెడితే మాత్రం ఉప్పూ నూనే ఎక్కువవుతాయి.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. మెంతులు తింటున్నాం కదా అని మాత్రలు, ఇన్సులిన్ మానకండి. ఇవి మందుకు తోడే గాని బదులు కావు. మందుతో కలిసి చక్కెర మరీ పడిపోవచ్చు గనుక ముందే డాక్టరుకు చెప్పండి. రక్తం పలచబడే మందు వాడేవారు అడగకుండా వాడవద్దు. గర్భిణులు కూరలో వేసుకునే నాలుగు గింజలతోనే సరిపెట్టుకోవాలి. మాత్రలకూ మెంతులకూ మధ్య గంటో రెండు గంటలో ఎడం ఉండాలి.

ఇక నడక

ఇంటిపనంతా చేస్తున్నాం, ఇంకా నడకెందుకు అంటారా? ఇంటిపని మంచిదే, కానీ ఆగి ఆగి చేసే పని అది. గుండెకు కావలసింది ఆపకుండా, కాస్త ఊపిరి వేగం పెరిగేలా నడవడం. నడిచేటప్పుడు కండరాలు రక్తంలోని చక్కెరను లాక్కుని ఖర్చు చేస్తాయి. ఇన్సులిన్ బాగా పనిచేస్తుంది. బి.పి. తగ్గుతుంది. మెంతులు చక్కెర రాకను నెమ్మది చేస్తే, నడక వచ్చిన చక్కెరను వాడేస్తుందన్నమాట.

రోజుకు 30 నిమిషాలు, వారానికి 5 రోజులు నడవండి. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అదే సరైన వేగం. వరుసగా రెండు రోజులకు మించి మానకండి. మా పేటవాళ్లకు ఆర్ట్స్ కాలేజీ చుట్టుపక్కల చెట్ల నీడ ఉంది. లేనివారికి మేడపైన డాబా చాలు. భోజనమయ్యాక పది నిమిషాలు పచారు చేసినా లాభమే.

పాదాలకు సరిపోయే మెత్తటి బూట్లు వేసుకోండి, ఇంటికొచ్చాక కాళ్లు చూసుకోండి. మాత్ర వేసుకుని ఖాళీ కడుపుతో బయలుదేరకండి. కొంగున కాస్త గ్లూకోజ్ పొట్లం ఉంచుకోండి. వణుకు, చెమటలు వస్తే వెంటనే నోట్లో వేసుకుని కూర్చోండి. ఇదివరకే గుండెజబ్బు ఉన్నవారు డాక్టరు సలహా తీసుకున్నాకే మొదలుపెట్టాలి.

చివరగా, షుగరున్న ఆడవాళ్లకు గుండెపోటు ఒక్కోసారి ఛాతీనొప్పి లేకుండానే వస్తుంది. ఆయాసం, చల్లటి చెమటలు, దవడలోనో వీపులోనో నొప్పి, ఎన్నడూ లేని నీరసం కనిపిస్తే గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకోకండి. 108కి ఫోన్ చేయించండి. ఇంట్లో అందరి మందులూ గుర్తుపెట్టుకుని ఇచ్చేది మనమే. ఈ నెల మన షుగరు, బి.పి., కొలెస్ట్రాల్ పరీక్షల తేదీ కూడా క్యాలెండర్ మీద పాలలెక్క పక్కనే రాసుకుందాం.