బీపీ పరీక్షకీ ప్రిపరేషన్ కావాలి!

రాత పరీక్ష గట్టెక్కారు. పరుగులోనూ నెగ్గారు. తీరా మెడికల్‌లో చేతికి పట్టీ చుట్టేసరికి 150/96! 'పాతికేళ్లకే నాకు బీపీ ఏంటి?' అనుకుంటున్నారా? చాలామందిలో అది ఏ లక్షణమూ చూపించదు. తలనొప్పి లేదు, కళ్లు తిరగట్లేదు కాబట్టి అంతా బాగానే ఉందనుకుంటాం. సైన్యంలో చేరాలనుకునేవారికి నిలకడగా 140/90 దాటే బీపీ ఉంటే దారి మూసుకుపోయినట్లే. మిగతా ఉద్యోగాల ప్రమాణాలు వేరువేరు. నోటిఫికేషన్‌లోని మెడికల్ భాగాన్ని కూడా సిలబస్ అంత శ్రద్ధగా చదవండి.

తెనాలి, బాపట్ల, రేపల్లెల నుంచి కోచింగ్‌కో, ఉద్యోగానికో గుంటూరు, విజయవాడ వెళ్లొచ్చేవారి దినచర్య చూడండి. పొద్దున్నే రైలు అందుకోవాలి కాబట్టి స్టేషన్ దగ్గర హడావుడిగా టిఫిన్. మధ్యాహ్నం డబ్బాలో పప్పన్నం, ఆవకాయ. సాయంత్రం బజ్జీలు. రాత్రి గోంగూర పచ్చడి, నంచుకోవడానికి అప్పడమో చల్ల మిరపకాయో. రేపల్లె వైపైతే నిజాంపట్నం ఎండు చేప సరేసరి. వీటిలో దేన్నీ మనం ఉప్పు అనుకుని తినం. చిక్కంతా అక్కడే!

రోజుకు 5 గ్రాములు, అంటే ఒక టీ చెంచా ఉప్పు దాటొద్దన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థదీ అదే మాట. కూర, పప్పు, టిఫిన్ అన్నీ ఆ చెంచాలోకే రావాలి. పెద్ద చెంచాడు ఆవకాయలో ఒకటి రెండు గ్రాముల ఉప్పు ఉండటం మామూలే. రెండు పూటలా వేసుకుంటే ఇక మిగిలేదెంత? సోడియం ఎక్కువైతే ఒంట్లో నీరు నిలుస్తుంది, రక్తం పరిమాణం పెరుగుతుంది, నాళాలపై ఒత్తిడి పడుతుంది. సైంధవ లవణం, పింక్ సాల్ట్ వాడుతున్నాం కదా అంటారేమో... పేరు మారినా అవీ ప్రధానంగా సోడియం క్లోరైడే.

ఆవకాయ మానేయమని ఈ జిల్లాల వాళ్లకు చెప్పే ధైర్యం మాకు లేదు! వారానికి రెండుసార్లు, వేలితో నంచుకునేంత చాలు. చప్పగా ఉందనిపిస్తే నిమ్మకాయ పిండండి. తెనాలి మార్కెట్ ఉండగా నిమ్మకాయకు కరవా? కొద్ది వారాల్లో నాలుకే అలవాటు పడుతుంది.

తీసేయడం సగం పనే, కలపడం మిగతా సగం. పొటాషియం ఉన్న ఆహారం సోడియాన్ని బయటికి పంపడంలో మూత్రపిండాలకు సాయపడుతుంది. కొల్లిపర లంకల అరటిపండు, డెల్టా పొలాల్లో పండే పెసలు, మినుములు, ఆకుకూరలు, పల్చటి మజ్జిగ (ఉప్పు లేకుండా సుమండీ) చాలు. అమెరికాలో 1997లో వెలువడిన 'డాష్' అధ్యయనంలో పండ్లు, కూరగాయలు, కొవ్వు తక్కువ పాల పదార్థాలు పెంచి తిన్న బీపీ బాధితులకు ఎనిమిది వారాల్లో పై అంకె సగటున 11 పాయింట్ల వరకూ తగ్గింది. ఖరీదైన డబ్బా పొడులేవీ అందులో లేవు.

మాత్రలు, పొడుల సంగతి?

వెల్లుల్లి క్యాప్సూల్స్, మెగ్నీషియం, బీట్‌రూట్ రసం... కొందరిలో కొద్దిగా తగ్గించొచ్చు. కానీ వాటినే నమ్ముకుని కూర్చోవద్దు. పొటాషియం మాత్రలు, తక్కువ సోడియం ఉప్పు మూత్రపిండాల సమస్య ఉన్నవారికి ప్రమాదం. అవి వాడే ముందు డాక్టర్‌ని అడగాల్సిందే. అసలు పెంచేవే మన చేతిలో ఉంటాయి. జిమ్‌లో తాగే ప్రీ వర్కవుట్ పొడులు, ఎనర్జీ డ్రింకుల్లో కెఫీన్ దండిగా ఉంటుంది. ముక్కు దిబ్బడ మాత్రలు, ఒళ్లునొప్పులకు వేసుకునే డైక్లోఫెనాక్, గొంతుకు మంచిదని అదేపనిగా నమిలే అతిమధురం... ఇవన్నీ బీపీని పెంచగలవు. ఇక మెడికల్ రోజున నాన్నగారి బీపీ మాత్ర వేసుకెళ్లడం పిచ్చిపని. కళ్లు తిరిగి పడిపోతే ఎవరిది బాధ్యత?

వారానికి కనీసం 150 నిమిషాల వేగపు నడక చాలా మేలు చేస్తుంది. బాపట్లలో ఉండేవారికి సూర్యలంక తీరం ఉంది, మిగతావారికి కాలువ గట్లు ఉన్నాయి. బరువెక్కువుంటే తగ్గే ప్రతి కిలోకీ దాదాపు ఒక పాయింటు కలిసొస్తుంది. రాత్రి రెండింటిదాకా చదివి, టీ మీద టీ తాగి, సిగరెట్ కాల్చే పద్ధతికి మాత్రం స్వస్తి చెప్పాలి.

కొలతలో తేడా

పరుగున వచ్చి కూర్చుని, మాట్లాడుతూ చూపించుకుంటే అంకె పెరుగుతుంది. అరగంట ముందు నుంచి టీ, పొగ వద్దు. మూత్రానికి వెళ్లొచ్చి, వీపు ఆనించి, పాదాలు నేలకు తాకేలా అయిదు నిమిషాలు నిమ్మళంగా కూర్చోండి. చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి. లావు చేతికి చిన్న పట్టీ చుట్టినా అంకె ఎక్కువే చూపిస్తుంది.

నోటిఫికేషన్ పడిన రోజే ప్రభుత్వ ఆసుపత్రిలోనో, మీ ఊరి ఆరోగ్య కేంద్రంలోనో ఉచితంగా చూపించుకోండి. ఎక్కువుంటే వారం పాటు ఉదయం, సాయంత్రం అంకెలు తేదీతో సహా రాసుకుని డాక్టర్‌కి చూపించండి. ముప్పై లోపు వయసులో బాగా ఎక్కువుంటే మూత్రపిండాలు, హార్మోన్ల పరీక్షలూ రాస్తారు. మాత్ర మొదలుపెడితే, 'సహజంగా తగ్గించుకుంటా' అంటూ మీ అంతట మీరు ఆపేయకండి. అంకె 180/120 దాటి ఛాతీ నొప్పో, ఆయాసమో, మాట తడబాటో ఉంటే మాత్రం డైరీ పక్కన పెట్టి వెంటనే 108కి ఫోన్ చేయండి.